హుక్కులు మిగిలిన హెలికాప్టర్

కొత్తపేట,
ఎండలు ముదురుతున్న రోజులు.

మంచుగడ్డ మీద కూర్చుని అక్కను మరిచిపోయిన నా తమ్ముడు మహేందర్‌కు,

మేం బాగున్నాం. నువ్వు బాగున్నావని నాకు నేనే అనుకుంటున్నాను. ఫోన్‌లో నువ్వు రెండు ముక్కలు మాట్లాడేలోపు గరగరమని లైను పోతుంది. “జవాన్లు ఉత్తరాలు దాచుకుని మళ్ళ మళ్ళ చదువుకుంటరంట, రాయరాదే” అన్నాడు మీ బావ వీరేశం. పెళ్ళయిన తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మంచి మాట ఇదే, అందుకని వింటున్నాను. నాది ఏడో తరగతి చదువు. తప్పులుంటే నోరు మూసుకుని సర్దుకో. నీకంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని, నీ ముక్కు తుడిచినదాన్ని.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు నాకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోయాలి. అమ్మ తన చేతులతో పోసిన తర్వాత ఇది ఐదో ఏడు. సరి సంవత్సరంలో పోయరు కాబట్టి ఇప్పుడు తప్పితే ఇంకో రెండేళ్ళు ఆగాలి. ఇప్పుడు అమ్మ లేదు. నాన్న అంతకుముందే పోయాడు. నాకు పుట్టిల్లంటే గోడలూ తలుపులూ కాదురా, నువ్వే. ఎక్కడో మంచులో తుపాకీ పట్టుకుని నిలబడ్డ ఆరడుగుల పుట్టిల్లు. నువ్వొచ్చి పసుపు కలిపిన బియ్యం నా కొంగులో పోస్తే, నేను మూడు పిడికిళ్ళు తీసి నీ తువ్వాల్లో తిరిగి పెడితే, అప్పుడు నేను ఒకరింటి ఆడపిల్లను. లేదంటే కొత్తపేటలో జాకెట్లు కుట్టే అండాలును, అంతే.

పోయినసారి నువ్వేమన్నావు? మీ కొండకు వచ్చే హెలికాప్టర్లు ముసలివైపోయాయనీ, అంత ఎత్తులో గాలి పల్చనగా ఉంటుంది కాబట్టి తిరిగి పోయేటప్పుడు ఒక్క మనిషిని ఎక్కించుకోవడమే వాటికి గొప్పనీ, మన దేశంలోనే చేసిన కొత్త హెలికాప్టర్ వస్తే సెలవులు వరసగా దొరుకుతాయనీ అన్నావు. ఆ ఒక్క మాటతో నేను ఆ హెలికాప్టర్ వెంట పడ్డాను. జాకెట్లు చుట్టి ఇచ్చే పాత పేపర్లలో దాని కబురుంటే చదవందే చుట్టను. ఒకసారి ఎగిరిందన్నారు. ఎండలో ఎగిరింది, మంచులో ఎగిరింది, సముద్రం పక్కన కూడా ఎగిరిందన్నారు. పూలదండ వేసి ఫొటో తీశారు. మరి ఇవ్వరేందిరా అంటే, ఇంకో సర్టిఫికెట్ మిగిలిందట. ఆ సర్టిఫికెట్‌కు ముందు ఇంకేదో సామాను రావాలట.

ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. ఆలోచిస్తే నా నోట్లోనే విన్నాను. గిరాకీ వచ్చి జాకెట్ అడిగితే నేనేమంటాను? “అయిపోయిందమ్మా, హుక్కులే మిగిలినయ్, రేపు రా.” అప్పటికి ఆ గుడ్డ సంచిలోంచి బయటికి కూడా వచ్చి ఉండదు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. హెలికాప్టర్ కుట్టేవాళ్ళను చూశాక నేను ఇంకా కాజాలు కుట్టడం నేర్చుకునే దాకానే వచ్చానని తెలిసింది.

నవ్వుకుంటావని ఇంకో ముచ్చట. మా ఇంటి ఓనరు వెంకాయమ్మగారు తెలుసు కదా, పై వాటాలో ఉంటుంది. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్ళయినా నాలుకను మాత్రం అక్కడే వదిలి వచ్చింది. మెట్ల మీద నన్ను ఆపి, “ఏవమ్మా అండాలూ, ఈ ఏడన్నా మీవాళ్ళెవరైనా వస్తారా, రారా?” అంది. నాకు ఒళ్ళు మండింది. “వస్తడమ్మా మా తమ్ముడు. కొత్త హెలికాప్టర్‌ల వస్తడు, సీదా మీ డాబా మీదికే. గీ గల్లీల మీ స్లాబే గట్టిదని మిలిటరోళ్ళు రాసుకుని పోయిండ్రు” అన్నాను. నమ్ముతుందనుకోలేదు. మర్నాడు పైకి పోయి చూస్తే వడియాల చాపలు లేవు, బట్టల తాళ్ళు లేవు. పైనుంచి గుర్తు కనబడాలని డాబా నడుమ ఇంత పెద్ద గుండ్రటి ముగ్గు. తామరపువ్వు, చుట్టూ తీగలు. ముగ్గుపిండి గాలికి పోతుందని తెల్ల పెయింటు తెప్పించి వేస్తోంది. బ్రష్ పట్టుకునే “కనపడుద్దంటావా?” అని నన్ను అడిగింది. నేను నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి నవ్వుకున్నాను.

సాయంత్రాలు ఆ ముగ్గు పక్కనే కూర్చుంటున్నాను. నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే పిల్లలు మన మీదుగా తూనీగల్లాగా తిరిగి పోతారు. వాళ్ళను చూస్తూ చూస్తూ ఉంటే కన్ను మూతపడుతుంది. అప్పుడు ఒక హెలికాప్టర్ వస్తుంది. చప్పుడుండదు. నా మిషన్ చక్రం తిరిగినంత మెత్తగా దాని రెక్కలు తిరుగుతాయి. ఎల్బీనగర్ మెట్రో పట్టాల మీద దాని నీడ పసుప్పచ్చగా జారుతుంది. నువ్వు తలుపు తీసి దోసిళ్ళతో బియ్యం పోస్తావు. ఆ బియ్యం కిందికి రావడానికి చాలాసేపు పడుతుంది. రెక్కల గాలికి చెదిరి దిల్‌సుఖ్‌నగర్ బస్సుల మీద, రైతుబజార్‌లో కొత్తిమీర కట్టల మీద, సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళ హెల్మెట్ల మీద రాలుతుంది. నేను కొంగు పట్టుకుని రోడ్లన్నీ తిరుగుతాను. ఎంత పట్టినా కొంగు నిండదు. అంతలో మీ బావ “అన్నం పెడ్తవా లేదా” అని లేపుతాడు.

కొత్తదో పాతదో, ఏదో ఒకటి ఎక్కి రారా.

నీ తిట్లపోతు అక్క,
అండాలు


కొత్తపేట,
వానలు.

తమ్ముడు మహేందర్‌కు,

నీ ఉత్తరం అందింది. నాలుగు వరసలు రాశావు. సెలవు మంజూరైందట. పాత హెలికాప్టరే అయినా వచ్చిందట, ఆ రోజు చోటు నీదేనట. “నా చోటు ఇంకొకరికి ఇచ్చిన అక్కా, కోపం జెయ్యకు” అని రాశావు. ఎవరికి, ఎందుకు అని ఒక్క ముక్క లేదు. కిందికి దిగే దారి మంచుతో మూసుకుంది కాబట్టి ఇక ఈ ఏడు రాలేనని ఉంది.

ఇన్నాళ్ళూ నేను ఆ హెలికాప్టర్ చేసేవాళ్ళను తిట్టాను. పేపర్ ముందు పెట్టుకుని పేరుపేరునా తిట్టాను. కొత్తది రాకపోతే అది వాళ్ళ ఆలస్యం. పాతది వచ్చి తలుపు తెరిస్తే నువ్వు ఎక్కలేదు, మరి దాన్నేమనాలి?

ఒడిబియ్యం ఆగలేదులే. వనస్థలిపురంలో మీ బావ చెల్లెలు శ్రీకళకు పోశాం. ఆమె జాకెట్ నేనే కుట్టాను. నా జన్మలో చెప్పిన రోజుకు ఇచ్చిన జాకెట్ అదొక్కటే. మీ బావ అన్నగా పోశాడు, పక్కన నిలబడి వదినెగా నేనూ పోశాను. కొత్త చీర కొంగులో బియ్యం పడితే ఒక చప్పుడు వస్తుంది, సన్న వాన మొదలైనట్టు. దోసిలి ఖాళీ అయ్యేదాకా ఆ చప్పుడే విన్నాను. శ్రీకళ మూడు పిడికిళ్ళు తీసి మీ బావ తువ్వాల్లో పెట్టి, “మా అన్న ఇల్లు నిండుగుండాలె” అంది. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. నవ్వడం నాకు చేతనైన పనే కదా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. వెంకాయమ్మగారు ముగ్గు వేస్తుంటే ట్యాంకు వెనక్కి పోయి నవ్వుకున్నానని రాశాను. నవ్వడానికి పోలేదురా. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, నా తమ్ముడు దిగుతాడని నడుం వంచి పువ్వు గీస్తోంది. నేను అడిగితే వేయలేదు, నాకు తోచిన అబద్ధాన్ని నమ్మి వేస్తోంది. అంత నమ్మకం నాకే లేకపోయింది. నేను ఎవరిని ఆటపట్టించినా లోపల ఏదో దాచుకోవడానికే పట్టిస్తాను. అమ్మకు తెలుసు ఆ సంగతి. అమ్మ పోయాక ఎవరికీ తెలియదు.

ఇక నిన్ను అడగను. నిన్న పైకి పోయి, “మా పుట్టిల్లు బందయ్యిందమ్మా. తాళ్ళు కట్టుకోండ్రి, వడియాలు పెట్టుకోండ్రి” అని చెప్పేశాను. ఆమె నా ముఖంలోకి చూసి, “వానల్లో వడియాలేంటమ్మా, ఉండనీ” అంది. తాళ్ళు కట్టలేదు.

నిన్న కునుకులో కూడా హెలికాప్టర్ వచ్చింది. లోపల ఎవరూ లేరు.

అండాలు


కొత్తపేట,
వానలు వెలిసి తెల్లారిన రోజు.

నా పుట్టిల్లు మహేందర్‌కు,

ముందు నిన్ను తిట్టాలి, తర్వాత మిగతాది. సంగతి సగం రాసి సగం మింగే బుద్ధి నీకు ఎవరు నేర్పారురా?

మొన్న దుకాణం ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. సన్నగా, చొక్కాను హ్యాంగర్‌కు వేసినట్టు ఉన్నాడు. “అండాలక్కంటే...” అని మొదలుపెట్టాడో లేదో, నేను మిషన్ మీంచి తల ఎత్తకుండానే, “హుక్కులే మిగిలినయ్ అన్నా, రేపు రా” అన్నాను. భార్య జాకెట్ కోసం వచ్చాడనుకున్నాను. “సరేనక్కా” అని వెళ్ళిపోయాడు. మర్నాడు నేను షట్టర్ ఎత్తేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరి జాకెట్ అని అడిగితే, “జాకెట్టు కాదక్కా. మహేందరన్న పంపాడు. నిన్న మీరు రేపు రమ్మన్నారు కదా” అన్నాడు.

మా గిరాకీలకు రేపంటే వారమని తెలుసు. మిలిటరీలో రేపంటే రేపేనట. దిల్‌సుఖ్‌నగర్‌లో లాడ్జి తీసుకుని ఆగాడట పాపం. నా సిగ్గు పోను.

ప్రసన్నకుమార్ అని, పలాస వైపు పిల్లవాడు. చాయ్ తెప్పించాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు. “కొండ మీద నాకు ఊపిరి ఆడలేదక్కా. పెదాలు నీలంగా అయిపోయాయంట. హెలికాప్టర్‌లో ఒక్కడికే చోటు. అన్న అప్పటికే బ్యాగు సర్దుకుని నిలబడ్డాడు. నన్ను ఎత్తి కూర్చోబెట్టి తలుపేశాడు. నాకు గుర్తున్నది అదే.” ఇంకో పూట ఆగితే తాను ఇలా చాయ్ తాగేవాణ్ణి కాదని డాక్టర్లు అన్నారట. మళ్ళీ ఆ గ్లాసు వైపే చూస్తూ అన్నాడు, “కొత్తది ఉండుంటే ఇద్దరం వచ్చేవాళ్ళం.”

మిషన్ తొక్కుదామని కాలు పెట్టాను. మళ్ళీ తీసేశాను.

అప్పుడు సంచిలోంచి నీ ఆకుపచ్చ తువ్వాలు మూట తీశాడు. తలుపు వేసే ముందు అతని కోటులో దాన్ని కుక్కావట. ఆస్పత్రివాళ్ళు బట్టలతో పాటు దాచి ఇచ్చారట. విప్పితే బియ్యం. మీ కొండమీది రేషన్ బియ్యానికి మీ వంటగది పసుపు కలిపావు. సరిగ్గా కలపలేదు, ఒకచోట ముద్ద, ఒకచోట తెలుపు. మొగపిల్లల పని అట్లనే ఉంటుంది. అంటే నువ్వు రావడానికి అన్నీ సిద్ధం చేసుకునే హెలికాప్టర్ దాకా నడిచావు. ఈ ముక్క ఉత్తరంలో రాస్తే నీ చెయ్యి అరిగిపోయేదా?

మీ బావను పిలిచాను. ముగ్గురం పైకి పోయాం. వెంకాయమ్మగారు ప్రసన్నకుమార్‌ను కిందినుంచి మీదిదాకా చూసి, “హెలికాప్టర్‌లో వచ్చే అబ్బాయంటే ఇతనేనా?” అని అడిగింది. నేను అవునన్నాను. ఆమెకు నేను చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే. అది కూడా నాకు తెలియకుండా నిజమైంది. ఆమె వెంటనే లోపలికి పోయి పీట, కుంకుమ, రవికగుడ్డ, రెండు ఎండుకొబ్బరి కుడకలు తెచ్చింది. వాళ్ళవైపు ఈ ఆచారం లేదు. అయినా నన్ను ఎన్నిసార్లు దెప్పిపొడిచిందో అన్నిసార్లూ ఏమేం కావాలో విని గుర్తుపెట్టుకుంది.

పీట ఆ ముగ్గు నడుమ వేశాం. వాన కడిగిన తామరపువ్వు తెల్లగా మెరుస్తోంది. తూర్పుకు తిరిగి కొంగు పట్టుకున్నాను. ప్రసన్నకుమార్ వెనక్కి జరిగి, “నేను పోయొచ్చా అక్కా? తోడబుట్టినోణ్ణి కాను కదా” అన్నాడు.

“మా తమ్ముని చోట్ల కూసోని వచ్చినవ్. గా చోట్లనే నిలవడి బియ్యం పొయ్యి” అన్నాను.

పోశాడు. ఈసారి బియ్యం కిందికి రావడానికి ఎంతో సేపు పట్టలేదు. సన్న వాన మొదలైనట్టు అదే చప్పుడు. నాదర్‌గుల్ పిల్లవాడెవరో తన విమానంతో మా మీదుగా వెళ్ళాడు, వెంకాయమ్మగారు వాడికి చెయ్యి ఊపింది. నాకు మెలకువ అనుకుంటే మెలకువ, కల అనుకుంటే కల. మీ బావ మాత్రం ఈసారి అన్నం పెట్టమనలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, పెయింటు వాసనకు కళ్ళు మండుతున్నయ్ అన్నాడు. పెయింటు వేసి నెలలైంది.

మూడు పిడికిళ్ళు తీసి నీ తువ్వాల్లోనే కట్టాను. ప్రసన్నకుమార్ ఊరికి పోయి, కోలుకుని, మళ్ళీ డ్యూటీకి వచ్చేటప్పుడు తెస్తాడు. లేదా ఎవరు పైకి వస్తే వాళ్ళ చేతికి ఇస్తాడు. అవి నీ ఇంటివి. కుక్కర్‌లో వేసి అందరూ తలా ఒక ముద్ద తినండి. మిగతా బియ్యం ఇక్కడ వండి గల్లీకంతా పెడతాను.

కొత్త హెలికాప్టర్ ముచ్చట నిన్న మళ్ళీ పేపర్‌లో చదివాను. ఇంకొంత కాలం పడుతుందట. ఈసారి సగమే తిట్టాను. జాకెట్‌కు హుక్కు ఊడితే పిన్ను పెట్టుకుని పెళ్ళికి పోతారు. నువ్వెక్కేదానికి అంత ఎత్తులో హుక్కు ఊడితే పిన్ను ఎవరు పెడతారు? ప్రతి హుక్కూ కుట్టనీ, లాగి చూడనీ, మళ్ళీ కుట్టనీ. మిగతా సగం తిట్టు మాత్రం ఉంచుకున్నాను, ఎందుకంటే పైన నీలం పెదాలతో ఉన్నవాళ్ళకు రేపంటే రేపే. హెలికాప్టర్ కుట్టేవాళ్ళు ఈసారి ఎవరికైనా “రేపు” అని చెప్పాలనుకుంటే ప్రసన్నకుమార్‌కు చెప్పమను. పొద్దున్నే వాళ్ళ గేటు మెట్టు మీద కూర్చుని ఉంటాడు.

వెంకాయమ్మగారు తాళ్ళు ఇంకా కట్టలేదు. తామరపువ్వు అంచులు వెలిశాయని మళ్ళీ పెయింటు తెప్పించింది. ఆమె జాకెట్‌కు హుక్కులు కుట్టడం పూర్తిచేసే ఈ ఉత్తరానికి కూర్చున్నాను, ఒట్టు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ బేసి ఏడు వస్తుంది. కొత్తదాంట్లో వస్తావో పాతదాంట్లో వస్తావో నీ ఇష్టం. ఆ రోజు నీ పక్కన ఎవరికైనా ఊపిరాడకపోతే మాత్రం ఆలోచించకు, వాణ్ణే ఎక్కించు. ఎవడు దిగినా కొంగు పడతాను.

నీ ఇంటి ఆడపిల్ల,
అండాలు