నీ కారుకు కొత్త బ్రేకులు

నాయనా,

సాష్టాంగపడి, చెంపలేసుకుని క్షమాపణ కోరుతున్నాను. నువ్వు పోయి ఏడాదైన ఈ రోజు, నీ అనుమతి లేకుండా, నీ కారుకు పెద్ద డిస్కులూ కొత్త ప్యాడ్లూ వేయించాను. ఇంజనీరింగ్ చదివిన కొడుకు ఇంతకన్నా ఘోరం ఏం చేయగలడు?

మెకానిక్ పాత ప్యాడ్లు చేతిలో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఇనుముకు ఇనుము రాసుకుంటా ఉండాదే! దీన్ని యాడికి తోలినారప్పా?"

"యాడికీ లేదన్నా. రెండేళ్లుగా షెడ్డులోనే ఉండాది" అన్నాను. ఎందుకుందో చెప్పలేదు.

పుత్తూరు పెళ్లికి నువ్వు కారు తోలుకొచ్చి మండపం గోడకు గుద్దావు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "నేను తొక్కినాన్రా, అది ఆగల్యా" అన్నావు. నేను చుట్టాలందరి ముందూ, "ఎముకలిరిగితే కట్టు కట్టే పుత్తూరికే వచ్చినాం కదా నాయనా, గోడకొక కట్టు, నీ కాలికొక కట్టు కట్టిద్దాం పా" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. అమ్మ తాళాలు తీసేసుకుంది. ఆ తర్వాత చిన్నాయన కారులో పక్క సీట్లో కూర్చున్నప్పుడు, ప్రతి మలుపులో నీ కుడికాలు ఉత్త మ్యాటును తొక్కుతూనే ఉండేది.

ఈరోజు చంద్రగిరి దాకా తోలి చూశాను. మెల్లగా తొక్కినా ఆగుతోంది.

పెళ్లికి వారం ముందు, కారుకు ఆయిల్ మార్చినతను ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయనీ, మార్చేదాకా బండి బయటికి తీయొద్దనీ నాకు చెప్పాడు. నీకు చెప్పడం మరిచిపోయాను. గోడ దగ్గర ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే ఆ జోకు వేశాను.