అత్తగారి కాలికి ఉప్పునీళ్లు

3, సోమవారం. ఉదయం 7.
ఈ రోజు నుంచి నేను నిగ్రహానికి మారుపేరు!
బాబాయి నడిపే గుర్రపుస్వారీ బడిలో ఒక తెల్లగుర్రం ఉంది. అందరినీ ఎగాదిగా చూస్తుంది కనుక 'అత్తగారు' అని నేనే పేరు పెట్టాను. మర్యాద కూడా అందుకే. కంచె గీరుకుని అత్తగారి ముందుకాలికి గాయమైంది. పశువుల డాక్టరుగారి ఆజ్ఞ: రెండు పూటలా ఉప్పునీళ్లతో కడగాలి. ఇంకేమీ రాయకూడదు. పదిరోజుల్లో మానుముఖం పట్టకపోతే బాబాయి ఆవిడని ఎవరికో ఇచ్చేస్తాడట. ఆవిడ లేని బడికి నేనెందుకు?
"నాకొదిలెయ్ బాబాయ్!"
"అదేరా నా భయం."

5, బుధవారం.
నాలుగు పూటలు తప్పలేదు! అడక్కుండానే అత్తగారు కాలు ముందుకు పెడుతున్నారు. నాది పుట్టుకతో వచ్చిన హస్తవాసి.

7, శుక్రవారం.
గాయం ఇంకా ఎర్రగానే ఉంది. డిగ్రీ చదివినవాణ్ణి, వట్టి ఉప్పునీళ్లా? లాడాలు కొట్టే ఆయన ఊదారంగు మందిచ్చాడు.
"ఒక్క చుక్క చాలు బాబూ."
చుక్కే వేశాను. మూత ఊడింది. మోకాలి నుంచి గిట్ట దాకా వంకాయ.

9, ఆదివారం.
ఊదారంగు పోవడానికి సబ్బు. సబ్బు మంటకి లేపనం. లేపనానికి దుమ్ము. దుమ్ముకి ఈగలు. ఈగలకి పొడి. ఇందులో నా తప్పేముంది? ఒకదాన్నొకటి పిలుచుకొచ్చాయి.

11, మంగళవారం.
పిన్ని చూసింది. "అది కాలా, కేకు ముక్కా? బుద్ధుందట్రా నీకు?"
తిట్టి, తన మడమల పగుళ్ల క్రీము చేతిలో పెట్టింది. "ఇది మాత్రం మంచిది."
పెద్దల మాట కాదనకూడదు. రాశాను. మిగిలింది మిగతా మందులతో పాటు జేబులో వేసుకున్నాను.

12, బుధవారం.
గాయం అంచులు ఉబ్బాయి. నన్ను చూడగానే అత్తగారు కాలు వెనక్కి లాక్కున్నారు. ఇదే మొదటిసారి.
ఇవాళ జోకులు రావడం లేదు.

13, గురువారం.
డాక్టరుగారు వచ్చారు. "ఏమేం రాశావు?"
చెప్పాను. చాలాసేపు చెప్పాను.
"గాయం తన పని తాను చేసుకుంటుంటే మధ్యలో నువ్వెందుకయ్యా?"
అన్నీ కడిగేసరికి అరగంట పట్టింది.
బాబాయి నా వైపు చూడలేదు. "ఇంకో పదిరోజులు. నీ మొహం చూసి కాదు, దాని మొహం చూసి."

14, శుక్రవారం. ఉదయం 7.
మొదటి రోజు!
ఉప్పునీళ్లు. అంతే.
గిన్నె చూపించాను. అత్తగారు వాసన చూశారు. తర్వాత నా చొక్కా జేబు చూశారు. ప్యాంటు జేబులు రెండూ చూశారు. నన్ను వెనక్కి తిప్పి, వెనక జేబు కూడా.
అన్నీ ఖాళీ అని తేలాక గానీ కాలు ముందుకు పెట్టలేదు.