రేకుల గదిలో సైకిల్

తైచుంగ్

యూచెంగ్ అన్నయ్యకు,

ఈ ఉదయం నా సైకిల్ గోడకు ఆనించి ఉంది. చక్రం కదలడం లేదు. మీటరు మాత్రం ఇరవై మూడు కిలోమీటర్ల వేగం చూపిస్తోంది. కొత్త సెన్సర్ పాడైందనుకుని తుడిచాను, చక్రం నుంచి ఊడదీశాను, చివరికి దాని బ్యాటరీ కూడా తీసేశాను. అంకె ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ మీటరు నువ్విచ్చిందే, తీగ లేకుండానే అంకెలు అందుకునే రకం; నీ పాత సెన్సర్‌ను అది ఇంకా మరిచిపోలేదు. ఆ సెన్సర్ ఉన్న నీ సైకిల్ మేడ మీద రేకుల గదిలో, ఉన్నచోటే తొక్కే స్టాండుకు బిగించి ఉంది. దాన్నెవరూ తొక్కరు.

పైకి వెళ్ళాను. అమ్మ తొక్కుతోంది.

"తలుపు వెయ్యవే, మీ నాన్న లేస్తారు," అంది ఆగకుండానే.

"నీకు సైకిల్ వచ్చా అమ్మా?"

"పుస్తకంలోంచి తలెత్తి ఉంటే తెలిసేది. మార్చిలో సైకిల్ బృందంతో మన ద్వీపమంతా చుట్టి రాబోతున్నా. నాన్నకు చెప్పావో, నీ పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి వేసేస్తా."

నాకు నవ్వు రాలేదు అన్నయ్యా. మనింట్లో సైకిల్ అంటే నువ్వూ నాన్నా అనుకుంటూనే పెరిగాను.

నెలాఖరుకు నీ స్నేహితుడు ఆ బండి కొనుక్కుపోతాడన్నావు. అది పోతే అమ్మ ప్రయాణం ఆగిపోతుంది. ఇంకో బండి కొనమని ఆమె ఎవరినీ అడగదు. దయచేసి అతనికి కుదరదని చెప్పు. ఫోనులో అయితే నాన్న వింటారని రాస్తున్నాను.

నీ చెల్లెలు

తా.క. ఒంటరిగా వస్తే ఆ సైకిల్ బృందంలో చేర్చుకోరట. అమ్మ తన పేరుతో పాటు నా పేరు కూడా ఇచ్చేసింది.