ఐసు చొక్కా లేకుండా సూట్ వేసుకోవద్దు

ఏవండీ, కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తినండి. ఫ్రీజర్‌లో ఐసు ప్యాకులు నాలుగూ గట్టిపడ్డాయి. ఒళ్లు ఉడికిపోకుండా వాటిని ఐసు చొక్కా జేబుల్లో పెట్టుకున్నాకే, పైన రసాయనాలు తగలకుండా వేసుకునే ఆ గాలాడని సూట్ వేసుకోండి.

మొన్న మెట్ల మీద జారిపడ్డానన్నారు. నిజానికి ట్యాంకు కడుగుతూ వేడికి సూట్‌లోనే స్పృహ తప్పారట. మీతో పనిచేసే వెల్డరు భార్య నిన్న చెప్పింది. "ఐసు చొక్కాతో ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్ విసుక్కుంటే అన్నయ్య విప్పేశారట వదినా. మా ఆయనే బయటికి లాగాడు" అంది.

నేను పనికి వెళ్తూ దారిలో మీ సూపర్‌వైజర్‌ని కలుస్తాను. ప్యాకులు మార్చుకునే టైమివ్వకపోతే మిమ్మల్ని పంపనని చెప్పేస్తాను. పరువు తీశానని తిట్టండి, పర్లేదు. తిట్టడానికైనా సాయంత్రం ఇంటికి రండి.

సూట్ జిప్పు పెట్టుకునే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. ఏమీ మాట్లాడకపోయినా సరే.