పాపకు క్రైస్తవ మతం పరీక్ష

చిరంజీవి తమ్ముడు నరహరికి, అన్న దీవించి రాస్తున్నది.

మేమందరం కుశలం. నీ మోకాలి నొప్పి, చిన్నమ్మ దగ్గు ఎట్లా ఉన్నాయి? సాదలిలో వానలు పడ్డాయా? ఇంగ్లండులో రోజూ పడుతుంది, అది వానేనని ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు. కూతురు లలిత, అల్లుడు పనికి పోయాక, సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చేదాకా పుస్తకాలే నాకు తోడు. రాగిపిండి దొరుకుతుంది. బాగున్నాను, దిగులు పడొద్దు.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఫోన్లో లలితతో నువ్వన్న మాటలు పక్కనే కూర్చుని విన్నాను.

"ఏమమ్మా, అర్చకుల ఇంటి బిడ్డకు ఏసు మతం నేర్పిస్తాండారంటనే! ఆ క్లాసు మాన్పించు. మా అన్న చర్చిలో రొట్టె తినొచ్చినాడని మీ ఆయనే చెప్పె. ఇంక గర్భగుడిలోకి యాడ రానిచ్చేది?"

నేను తినలేదు. తినుంటే దాచేవాణ్ణి కాదు. జరిగింది విను. ఇక్కడి హైస్కూల్లో మతాల పాఠం ఉంటుంది. క్రైస్తవుల నమ్మకాలు, ఆచారాలు చదివి పాప పరీక్ష రాయాలి. ఒక ఆరాధన చూసి రమ్మని టీచరమ్మ చెప్తే తోడు పోయాను. అందరూ వరుసలో నిలబడితే నేనూ నిలబడ్డాను. చేతిలో పల్చని రొట్టెబిళ్ళ పెట్టారు. కళ్ళకద్దుకుని, లలితకు ఇద్దామని రుమాల్లో మడిచి జేబులో పెట్టుకున్నాను.

"తాతా, జేబులో పెట్టుకుంటివా? అది ఆడే తినాల! వాళ్ళకు అది దేవుని శరీరం. అయినా బాప్తిస్మం లేనోళ్ళకు ఇయ్యరు," అని పాప నన్ను పాస్టరు దగ్గరికి లాక్కుపోయింది. తిరిగిచ్చి క్షమించమన్నాను. ఆ పాఠం చదివింది కాబట్టే పాప నా తప్పు దిద్దింది. నలభై ఏళ్ళుగా మంత్రాలు చెప్తున్నావు. ఒక్కదానికి అర్థం అడిగితే "అడక్కూడదు" అనే నువ్వు ఎవరి తప్పు దిద్దావు?

నేను చింతామణి లైబ్రరీ నుంచి కన్నడ బైబిల్ తెస్తే నాయనకు చాడీ చెప్పి నీళ్ళ పొయ్యిలో వేయించావు. లైబ్రరీలో తల దించుకుని నిలబడ్డది నేను. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను.

నీకు భయపడి లలిత, పాపను ఆ క్లాసు మాన్పిస్తామని స్కూలుకు లెటర్ కూడా రాసి పెట్టింది. పాప అన్నం మానేసి మెట్ల మీద కూర్చుంది.

"నాయనా, చిన్నాయన అంతగా చెప్తాండాడు, ఏం చేసేది?" అంది లలిత.

"ఆ లెటర్ పంపమ్మా. స్కూల్లో మాన్పిస్తే ఆ పాఠం ఇంట్లో నేను చెప్తా. మేష్ట్రుగా బతికినోణ్ణి, మర్చిపోయినావా?"

"నీకేం తెలుసు తాతా? రొట్టె జేబులో పెట్టుకున్నోడివి!" అంది పాప మెట్ల మీద నుంచి. లలితకు నవ్వాగలేదు. లెటర్ చించేసింది. పాప చదువుతుంది, పరీక్ష రాస్తుంది. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తేది నేనే.

చిన్నమ్మకు నా పాదనమస్కారాలు చెప్పు. ఆమె దీవెన పాపకు కావాలి. నీ భార్యకు, పిల్లలకు ఆశీస్సులు.

నన్ను గర్భగుడిలోకి రానివ్వకు, వాకిట్లోనే నిలబడతాను. కానీ పరీక్ష రోజు పాప పేరున అర్చన చెయ్యి. పేరు మైత్రేయి, నక్షత్రం రోహిణి, గోత్రం నీకు తెలుసు. ఏం పరీక్షని ఎవరైనా అడిగితే, క్రైస్తవ మతం అని గుడిలో అందరికీ వినబడేట్టు చెప్పు.

నీ మేలు కోరే అన్న,
వెంకటాచలం