మగమనిషి లైబ్రరీకే వెళ్తాడు

ఫిబ్రవరి 27

ఈరోజు గ్రౌండ్‌లో మాచేత కష్టపడి చదువుతామని ప్రమాణం చేయించారు. జూన్‌లో యూనివర్సిటీ ఎంట్రన్స్, ఇంక వంద రోజులే ఉన్నాయట. పన్నెండో తరగతి వాళ్ళందరం కుడి పిడికిలి పైకెత్తి అరిచాం. నేను స్టేజీ మీదున్న లియావ్ సార్ నోటినే చూస్తూ అరిచాను కాబట్టి ఒక్క మాట కూడా తప్పలేదు. నీ అంత గట్టిగా ఎవరూ అరవలేదే అంది చెన్‌లూ, నా బెంచీమేట్. గట్టిగా అరవడం నాకెప్పుడూ కష్టం కాదు.

గేటు దాటాక ఎవరో స్లీవ్ పట్టి లాగారు. అమ్మ. కూరగాయల సంచీతో చాలా దూరం నుంచి నా వెనకే పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. వీధిలో నన్ను పేరు పెట్టి పిలవదు. పిలిస్తే నేను తిరగను. తిరగకపోతే జనం చూస్తారు. అందుకని పరిగెత్తుకొచ్చి స్లీవ్ లాగుతుంది. చిన్నప్పటినుంచీ ఇంతే.

నాకు వినపడదు. ఇక్కడైనా రాసుకోవాలి కదా. పూర్తి చెవుడు కాదు. ఎదురుగా మనిషి ముఖం ఉంటే చైనీస్ దాదాపు అంతా పట్టేస్తాను. ముఖం లేని గొంతు మాత్రం నాకు గోడవతల కుళాయి లాంటిది. ఈ సంగతి అమ్మకీ చెన్‌లూకీ తప్ప ఎవరికీ తెలియదు. నింగ్బోలో ఓడలకి వెల్డింగ్ చేసే నాన్నక్కూడా సగమే తెలుసు.

ఇంగ్లిష్ లిజనింగ్ టెస్ట్ స్పీకర్‌లోంచి వస్తుంది. స్పీకర్‌కి ముఖం లేదు.

మార్చి 8

లియావ్ సార్ మా ఇయర్ మొత్తానికీ హెడ్. ఈరోజు నన్ను ఆపి, రీడింగ్‌లో జిల్లాలోనే నీకు తిరుగులేదు, లిజనింగ్‌లో మాత్రం పదిహేను దగ్గరే తిష్ఠ వేశావేంటి, బద్ధకమా, రోజూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను అన్నాడు. సరే సార్ అన్నాను. అమ్మ నిజంగానే ఇయర్‌ఫోన్స్ కొనుక్కొచ్చింది. నలుగురూ చూస్తారు కాబట్టి బస్సులో పెట్టుకుంటాను. చాలా హాయిగా ఉంటుంది, ఎవరూ మాట్లాడించరు.

ఇరవైకి ఆ పదిహేను ఎలా వస్తున్నాయో ఎవరూ అడగలేదు.

ఆప్షన్లు చదువుతాను, అంతే. మగమనిషి ఎక్కడికి వెళ్తాడు? సినిమాకా, జిమ్‌కా, లైబ్రరీకా? ఇంగ్లిష్ టెస్టులో ఎవడూ సుఖంగా సినిమాకి వెళ్ళడు. ముందు సినిమా అంటాడు, టికెట్లు అయిపోతాయి, లేదా రేపు పరీక్ష ఉందని గుర్తొస్తుంది, నోరు మూసుకుని లైబ్రరీకి పోతాడు. చొక్కా ఎంతకి కొన్నాడంటే ఎప్పుడూ తక్కువ ధరకే, ఎందుకంటే షాపువాడు డిస్కౌంట్ ఇస్తాడు. రైలు లేటవుతుంది కానీ రాకుండా ఉండదు. ఆడమనిషికి తలనొప్పి వస్తుంది కానీ పెద్ద జబ్బు రాదు. పదో ప్రశ్న చదివితే ఎనిమిదో ప్రశ్నకి జవాబు తెలుస్తుంది. ఆ ఊళ్ళో ఎవరూ చావరు, ఎవరూ తిట్టుకోరు. వాళ్ళ గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు కానీ, వాళ్ళ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా స్కూల్లో లేరు.

మిగిలిన ఐదూ మాత్రం వింటే తప్ప రావు.

మార్చి 23, సాయంత్రం

జిల్లా మాక్ పరీక్షలో ఏదో జరిగింది. ఏం జరిగిందో అందరికంటే చివర తెలిసింది నాకే.

లిజనింగ్ మొదలవగానే నేనెప్పుడూ తల దించేస్తాను. ఎత్తితే పక్కవాళ్ళ పేపర్ చూస్తున్నాననుకుంటారు. ఇరవై ప్రశ్నలూ నింపేసి, రీడింగ్‌లోకి వెళ్ళి రెండో పాసేజ్‌లో ఉండగా చెన్‌లూ కాలితో నా కుర్చీని తన్నింది. తలెత్తాను. క్లాసంతా పెన్నులు కింద పెట్టి కూర్చుంది. సగం మంది చేతులు పైకెత్తి ఉన్నారు. మా రూమ్‌కి ఇన్విజిలేటర్ లియావ్ సారే. నా బెంచీ పక్కన నిలబడి నా ఆన్సర్ షీట్ చూస్తున్నాడు.

తర్వాత చెన్‌లూ చెప్పింది. మా ఇంగ్లిష్ కోంగ్ టీచర్ వేరే సెట్ రికార్డింగ్ పెట్టేశారట. పేపర్‌లో లైబ్రరీ ఉంటే స్పీకర్‌లో ఎవరో కుక్కపిల్ల గురించి మాట్లాడుతున్నారట. ఆపండి, చివర్లో మళ్ళీ వినిపిస్తాం అని స్పీకర్‌లోనే అనౌన్స్ కూడా చేశారట. నువ్వొక్కదానివే దేవతలాగా నింపుకుంటూ పోయావే తల్లీ, కాలు నొప్పెట్టేదాకా తన్నాను అంది.

మార్చి 25

పదిహేను కరెక్ట్.

స్టాఫ్‌రూమ్‌కి పిలిచారు. లియావ్ సార్ తలుపు వేసి, నీకు ఆన్సర్ కీ ఎవరిచ్చారు అని అడిగాడు. ఎవరూ ఇవ్వలేదన్నాను. మరి కుక్కపిల్ల గురించి విని లైబ్రరీ అని ఎలా రాశావు, అది కూడా వినేశావా అన్నాడు. ఊహించి రాశాను సార్ అన్నాను. నవ్వాడు. మీ కోంగ్ టీచర్ నీకు మధ్యాహ్నాలు విడిగా పాఠాలు చెబుతుంది కదా, కీ ఆవిడ దగ్గరే ఉంది కదా, రికార్డింగ్ మార్చింది కూడా ఆవిడే కదా అని ఒక్కొక్క వేలూ మడిచాడు.

కోంగ్ టీచర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. కాంట్రాక్ట్ మీద ఉన్నారు. బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడరు, రాయడం అయ్యాక మా వైపు తిరిగి మాట్లాడతారు. నా కోసమని కాదు, ఆవిడ అలవాటే అంత. ఆ ఒక్క అలవాటుతో నాకు రెండేళ్ళ ఇంగ్లిష్ తిరిగొచ్చింది.

మార్చి 28

కోంగ్ టీచర్ క్లాసుకి రాలేదు. ఎంక్వయిరీ అయ్యేదాకా రావద్దన్నారట. వెనక బెంచీవాళ్ళు నన్ను చూసి కుక్కపిల్లలా మొరుగుతున్నారని చెన్‌లూ చెప్పింది. నాకు వినపడలేదు కాబట్టి అంత బాధ అనిపించలేదు. అబద్ధం. అనిపించింది.

మార్చి 29

అమ్మకి చెప్పాను. నిజం చెప్పేస్తాను, కీ అవసరం లేని మనిషినని చెప్పేస్తాను అన్నాను.

అమ్మ మిషన్ మీద ఎవరిదో కర్టెన్ కుడుతోంది. ఆపలేదు. మేముండేది స్కూలు ఎదురుగా అద్దె గది, చుట్టూ అన్ని గదుల్లోనూ పిల్లల చదువు కోసం ఊళ్ళు వదిలి వచ్చిన అమ్మలే, గోడకి అటు మాట ఇటు వచ్చేస్తుంది. అందుకని మిషన్ చప్పుడులో మాట్లాడుతుంది, నేను ఎలాగూ పెదాలే చూస్తాను కదా. చెప్పావంటే సర్టిఫికెట్ తెమ్మంటారు, వికలాంగురాలని ముద్ర పడుతుంది, ఆ ముద్ర చచ్చేదాకా పోదు, ఎవడు ఉద్యోగం ఇస్తాడు, ఎవడు పెళ్ళి చేసుకుంటాడు, ఇన్నేళ్ళు నేను పరిగెత్తింది దీనికోసమా అంది. మరి కోంగ్ టీచరో అన్నాను. ఆవిడకి నోరు లేదా, ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది అంది.

అమ్మంటే నాకు ప్రాణం. ఈరోజు మాత్రం అసహ్యం వేసింది. రాసేశాను.

మార్చి 30

అమ్మ నా ముందు గిన్నె పెట్టి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. నూడుల్స్ ఉప్పగా ఉన్నాయి.

ఏప్రిల్ 1

అమ్మని స్కూలుకి పిలిపించారు. లియావ్ సార్, అమ్మ, నేను. కిటికీ దగ్గర కోంగ్ టీచర్, ముఖం పీక్కుపోయి ఉంది. ఆ ముఖం చూశాక ఆగలేకపోయాను. నాకు వినపడదు సార్, స్పీకర్‌లో ఏది వేసినా నాకు ఒకటే, నేను ఆప్షన్లు చదివే రాస్తాను అనేశాను.

లియావ్ సార్ తల ఊపి, బాగుందమ్మా, కాపీ కొట్టి దొరికినవాడికి కళ్ళు కనపడవు, చెవులు వినపడవు అన్నాడు. తర్వాత అమ్మని అడిగాడు.

అమ్మ నిటారుగా కూర్చుని, మా పిల్లకి చెవులు పాము చెవులు సార్, పక్కగదిలో గడియారం కొట్టుకున్నా లేచి కూర్చుంటుంది అంది.

నేను చచ్చిపోయాను. ఇప్పుడు నేను దొంగనే కాదు, అబద్ధాలకోరును కూడా. కోంగ్ టీచర్ కిటికీ వైపు తిరిగిపోయారు.

లియావ్ సార్ విసుగ్గా చెయ్యి ఊపి, ఆ బీరువాలోంచి నీ ఆన్సర్ షీట్ తీసుకురా, అమ్మగారు కూడా చూస్తారు అన్నాడు. వెళ్ళాను. బీరువా నిండా కట్టలే. ఏ కట్టో తెలియక వెతుకుతున్నాను. ఇంతలో ఎవరో స్లీవ్ పట్టి లాగారు. తిరిగాను. అమ్మ. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, గది అంతా దాటి వచ్చి నా స్లీవ్ పట్టుకుని ఉంది.

లియావ్ సార్ నన్ను పిలిచాడట, ఆ కట్ట కాదు, కింది అరలో చూడమని. మూడుసార్లు పిలిచాడట.

ఆయన నన్ను చూడడం లేదు. అమ్మ చేతిని చూస్తున్నాడు. అమ్మ కూడా తన చేతినే చూసుకుంది. అది తనకి తెలియకుండానే లేచి వచ్చేసింది, పాపం. పదిహేనేళ్ళ అలవాటు.

ఏప్రిల్ 2

చెవుడు సరే, కీ లేదని రుజువేంటి అన్నాడు లియావ్ సార్. వేరే ప్రావిన్స్ పేపర్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. స్పీకర్ ప్లగ్ తీసేశాడు, నాకు చూపించి మరీ తీశాడు. రాశాను. మగమనిషి ఈసారి డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాడు.

పద్నాలుగు. ఆయన రెండుసార్లు దిద్దాడు. తర్వాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఇది ఎలా చేస్తున్నావో నాకు చెప్పు అన్నాడు. ఏమీ తెలియని పిల్లాడిలా అడిగాడు.

కోంగ్ టీచర్‌కి సారీ చెప్పలేదు. రేపటినుంచి రికార్డింగ్ సరిగ్గా చూసి పెట్టమ్మా అన్నాడంతే. ఆవిడ బయటికొచ్చి కారిడార్‌లో ఏడ్చారు. నేనూ ఏడ్చాను. చెన్‌లూ వచ్చి, ఏమైందో తెలియకుండానే ఏడ్చింది.

ఏప్రిల్ 6

లియావ్ సార్ నా చెవుడిని స్టడీ మెటీరియల్ చేసేశాడు! మా ఇయర్ అన్ని సెక్షన్లలోనూ బోర్డు మీద రాశాడు. వినేముందు ఆప్షన్లు చదవండి. మొదట చెప్పిన ధర రాయొద్దు. సరదా పని రాయొద్దు. వెనక బెంచీవాళ్ళు దీనికి చెవిటి పద్ధతి అని పేరు పెట్టారు. మొరగడం మానేశారు. ఒకడు వచ్చి నా నోటికి ఎదురుగా నిలబడి, అక్కా, ఆ ఆడమనిషికి ఎప్పుడూ తలనొప్పేనా, కడుపునొప్పి రాదా అని సీరియస్‌గా అడిగాడు. ఎప్పుడూ తలనొప్పే అన్నాను.

నవ్వొచ్చింది. రూమ్‌కి వస్తే నవ్వు పోయింది. అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేసి ఉంది.

ఏప్రిల్ 9

వినపడనివాళ్ళకి లిజనింగ్ లేకుండా పరీక్ష పెడతారని, మిగతా మార్కుల్నే లెక్కగట్టి మొత్తానికి పెంచుతారని కోంగ్ టీచర్ చెప్పారు. సర్టిఫికెట్ ఉండాలి. ఈ నెల ఇరవై లోపు ఇవ్వాలి. నా రీడింగ్‌తో అయితే ఏ యూనివర్సిటీ అయినా వస్తుందన్నారు. అమ్మకి చెప్పాను. వినపడనట్టు కూర్చుంది. మా ఇంట్లో ఆ పని నాది కదా.

ఏప్రిల్ 13

పొద్దున్న లేచేసరికి అమ్మ చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. పద ఆస్పత్రికి, ఆలస్యమైతే క్యూ పెరుగుతుంది అంది.

గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించారు. శబ్దం వస్తే బటన్ నొక్కాలి. నేను చాలాసేపు బటన్ పట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల అమ్మ నా బొటనవేలు కదులుతుందేమోనని కళ్ళార్పకుండా చూస్తోంది. నాకేమీ రావడం లేదు. అమ్మ ముఖం చూడలేక ఒకసారి ఊరికే నొక్కాను. డాక్టర్ తల అడ్డంగా ఊపారు.

తర్వాత ఎప్పటినుంచి అని అడిగారు. అమ్మ నా వైపు వీపు పెట్టి చెప్పబోయి, ఆగి, కుర్చీ జరుపుకుని నాకు ఎదురుగా కూర్చుని చెప్పింది. మూడో ఏట జ్వరం వచ్చింది, తగ్గలేదు, ఊళ్ళో కాంపౌండర్ ఇంజెక్షన్లు చేశాడు, చాలమ్మా చెవులకి మంచిది కాదు అన్నాడు, ఇంకో రెండు చెయ్యమని నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను, పిల్ల చచ్చిపోతుందేమోనని భయమేసింది అంది. డాక్టర్‌తో చెబుతున్నట్టే ఉంది కానీ నాకోసమే చెప్పింది.

ముద్ర నా మీద పడుతుందని కాదు అమ్మ ఇన్నేళ్ళు భయపడింది.

బస్సులో అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చేతినిండా సూది గుచ్చుకున్న గాట్లే.

ఏప్రిల్ 19

సర్టిఫికెట్ ఇచ్చేశాం. చెన్‌లూ సగం నవ్వుతూ, నాక్కూడా ఆ డాక్టర్ పేరు చెప్పవే అంది. కొట్టాను.

మే 21

లియావ్ సార్ ఇప్పుడు మాట్లాడే ముందు నా వైపు తిరుగుతున్నారు. మీసం కత్తిరించుకున్నారు. పెదాలు కనపడడానికేనట.

జూన్ 8

ఇంగ్లిష్ అయిపోయింది.

పొద్దుటినుంచీ ఊరంతా మా కోసం నోరు మూసుకుంది. హారన్లు లేవు, ఎదురు బిల్డింగ్‌లో క్రేన్ కదలలేదు. లిజనింగ్ నడిచినంతసేపూ నన్ను పేపర్ ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాను. అందరూ తలలు వంచి వింటున్నారు. మగమనిషి ఈసారి ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు. మొదటిసారి తెలుసుకోవాలనిపించింది.

గేటు బయట అమ్మలందరూ గెలుపు శకునమని గులాబి రంగు, ఎర్ర రంగు చీపావ్ గౌన్లు వేసుకుని చప్పుడు లేకుండా నిలబడి ఉన్నారు. గుంపులో అమ్మ కనపడలేదు. అలవాటుగా స్లీవ్ దగ్గర చెయ్యి కోసం ఎదురు చూస్తూ నడిచాను. ఎవరూ లాగలేదు. ఉన్నట్టుండి అందరి తలలూ ఒకేసారి ఒక వైపు తిరిగాయి. నేనూ తిరిగాను.

రోడ్డు అవతల అమ్మ. ఉన్నచోటి నుంచి కదలకుండా, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా, నా పేరు అరుస్తోంది.