ఫిలొమేనా మామ్మ గ్రీకు

పార్సిప్పనీ,
21 ఏప్రిల్ 1981

ప్రియమైన అక్కయ్యకు,

రేణు నమస్కారాలు. ఇక్కడ అమెరికాలో నేను వేళకి తింటూ, బాగానే లావెక్కుతున్నాను. అక్కడ నాన్న, బావగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. మంచు కరిగింది. డ్రైవింగ్ టెస్ట్ మూడోసారికి పాసయ్యాను, ఇంక ఎగతాళి ఆపు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సగం కింద అపార్ట్‌మెంట్ ఫిలొమేనా మామ్మే తినేసింది. ఇక నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగిన జగన్మోహన్ సంగతి. "నాలుగు వందల ఏళ్ళ కిందట మధురై వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా తెలుగువాళ్ళేనా అంటున్నారు నాన్న, ఏం చెప్పను?" అని రాశావు. ముందు మామ్మ కథ విను.

మామ్మది దక్షిణ ఇటలీ కొండల్లో ఒక పల్లె. అక్కడ ఇళ్ళలో పాతకాలపు గ్రీకు మాట్లాడతారట, ఎన్ని వందల ఏళ్ళ నుంచో. పోయిన శనివారం ఈస్టర్‌కని, గుడ్లు పెంకులతో సహా పిండిలో అమర్చి రొట్టె చేసింది. తన భాష మాట్లాడేవాళ్ళని చూపిద్దామని నేనే పొంగిపోయి, ఆవిడనీ రొట్టెనీ కార్‌లో ఎక్కించుకుని తానాసిస్ అనే గ్రీకాయన హోటల్‌కి తీసుకెళ్ళాను. మామ్మ రెండు ముక్కలు మాట్లాడిందో లేదో ఆయన పకపకా నవ్వాడు. "మా ముత్తవ్వకి ముత్తవ్వ లేచొచ్చినట్టుంది!" అన్నాడు నాతో. మామ్మ గబగబా రొట్టె మూట కట్టేసింది.

ఇంతలో వంటింట్లోంచి తానాసిస్ తల్లి వచ్చింది. కొడుకుని ఒక్క కసురు కసిరి, మామ్మ ఎదుట కూర్చుని మూట విప్పింది. "ఇది మేమూ చేస్తాం" అందని తానాసిస్ తర్వాత చెప్పాడు. ఇంక చూడు, రెండు గంటలు కబుర్లే! అర్థం కానిచోట చేతులు తిప్పుకున్నారు, ఏడ్చారు, నవ్వారు. తిరిగొస్తూ మామ్మ, "పరాయివాళ్ళ ముందు మన భాష మాట్లాడకండి, నవ్వుతారని మా అమ్మ చెప్పేది. మా ఆయన పోయాక ఇవాళే మాట్లాడాను" అంది.

నాకు కార్ నడుపుతుంటే తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే, నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఉగాదికి భాస్కర్ గారింట్లో జగన్మోహన్ "చారు శానా బాగుండాది" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే అక్కయ్యా. పైగా అతనిలాగే అని చూపించాను. ఆ రోజు నుంచి నాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు.

ఇంటికి రాగానే అతనికి ఫోన్ చేశాను. "తప్పయింది. మీ అమ్మగారితో మాట్లాడే తెలుగే నాతోనూ మాట్లాడండి" అన్నాను. "మళ్ళా నవ్వరు గదా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పెళ్ళికి ఒప్పేసుకున్నాను.

నాన్న ఒప్పుకోకపోతే ఏం చేయాలో నాకు తోచటంలేదు. అందుకే అతను నాన్నకి స్వయంగా ఉత్తరం రాశాడు, ఇందులో పెట్టాను. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడటమే గాని రాయటం ఎవరికీ రాదు. అందుకని తెలుగంతా తమిళ అక్షరాల్లో రాశాడు. మీ పక్కింటి తమిళావిడ చేత నాన్న ఎదుట చదివించు. తను చదివేది ఆవిడకి అర్థం కాదు. నాన్నకి అవుతుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
రేణు